మెట్లులేని గంటగోపురము

స్పెయినుదేశపు దక్షిణభాగమున నున్న సెవిల్ నగరమందలి పెద్దచర్చినిగూర్చి మన సోదరీమణులలో ననేకులు వినియే యుందురు. కొలంబసు సమాధి యచ్చటనే యున్నది. 1401వ సంవత్సరమున నా చర్చిని కట్టనిశ్చయించినవారు దానిని ముగించుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. లోపలి బంగారుపూత పనితనమును, స్తంభముల యెత్తును వర్ణింపబూనినచో నీ పుట చాలదు. మా మనసున కెక్కినది మాత్రము ప్రక్కనున్న గంటగోపురము. దానిని హిరాల్దా యందురు.

ఈ గోపురము గంటలకొఱకు పుట్టినది కాదు. సెవిల్ ముసల్మానుల యేలుబడిలో నున్న కాలమున, 1184లో, మసీదుయొక్క మీనారుగా దీని కట్టడము మొదలై 1198లో ముగిసినది. అడుగుభాగమున వాడిన రాళ్లు అంతకు మున్నెన్నడో రోమనులు చెక్కినవి. దగ్గఱగా బోయి చూచిన వానిపై లాటిను అక్షరములు కానవచ్చును. పైదంతయు నిటుకపని. 1248లో ఫెర్నాండో రాజు నగరమును గెలిచినప్పుడు, తమ మీనారు పరులపాలు గాకుండ దానిని పడగొట్టెదమని యూరివారు కోరిరనియు, ఒక్క యిటుక కదలినను ఒక్కనినైన బ్రతుకనీయనని రాకుమారుడు అల్ఫోన్సో బెదరించెననియు నొక కథ చెప్పుదురు. ఇటుకలపై నంత ప్రేమ గలవానికి మనుష్యులపై నింత కాఠిన్య మేల యని మాకు తోచినది. ఏమైనను గోపురము నిలిచినది. 1356లో భూకంపమునకు శిఖరముననున్న లోహపు గుండ్లు రాలిపోయినవి. తరువాత 1558 మొదలు 1568 వఱకు ఎర్నాన్ రూయిస్ అను శిల్పి గంటల యంతస్తులను పైన నిర్మించెను. అత్తగారి కాలపుటింటిపై కోడలు మేడ లేపినట్లున్నది. అతుకు తెలియుచునే యున్నది గాని వికారముగా లేదు.

గోపురపు టెత్తు మొత్తము 104 మీటర్లు. మాతో వచ్చిన మా అత్తగారు తల యెత్తి చూచి, "మీరు పోయి రండమ్మా, నేనీ నారింజచెట్లనీడను గూర్చుండెదను" అనిరి. అందఱిని ముందు సాగనంపి తాము వెనుక నుండిపోవుట వారికి జీవితమంతయు నలవాటు. ఏ తీర్థమునకు బోయినను మెట్లెన్ని యని యడుగుటయు, మోకాళ్లను తడవికొని క్రిందనే యాగుటయు మేము చాలమారులు చూచినదే. కాని యీమారు మేము వదలలేదు. ఏలయన హిరాల్దాలో మెట్లు లేవు. గోపురములోపల మరియొక గోపురము వలె ఒకదానిపై నొకటిగా ఏడు గదు లున్నవి. ఆ గదులకును వెలిగోడకును నడుమ వాలుబాట చుట్టుకొనుచు పైకి బోవును. రోజున కైదుమారులు ప్రార్థనకు పిలుచువాడు గుఱ్ఱమెక్కి పైకి బోవుటకై యిట్లు కట్టిరందురు. గుఱ్ఱమునకు జేసిన దయ యిప్పుడు వృద్ధులకు ఫలించుచున్నది!

మలుపు మలుపునకు గోడపై అంకె వేసియున్నారు, మొత్తము ముప్పదియైదు. అత్తగారు పదవ అంకెవఱకు మా చేయి పట్టుకొనిరి, పిమ్మట విడిచిరి. పదునేడవ మలుపున కిటికీకడ గూర్చుండి, తాము కూర్చుండదలచిన నారింజచెట్ల ముంగిలిని పైనుండి చూచి నవ్విరి. చిట్టచివరను కొలదిమెట్లు మాత్ర మున్నవి. అచ్చట మేము ఆసరా యిచ్చితిమి. పైన నిరువదినాలుగు గంటలు. వానిలో నొకటి తటాలున మ్రోగినప్పుడు మేమందఱము చెవులు మూసికొంటిమి. ఆమె మూసికొనలేదు, కొంగు సవరించుకొని, ఏటిమీద వంతెనలను జూచుచు నిలుచుండిరి.

శిఖరముమీద విశ్వాసమును స్త్రీరూపముగా జేసి నిలిపిన కంచువిగ్రహ మున్నది. 1568లో దాని నచ్చట నెక్కించిరి. గాలి యెటు వీచిన నటు తిరుగును. తిరుగుట యను నర్థముగల మాటనుండియే గోపురమునకు హిరాల్దా యను పేరు వచ్చినది. "విశ్వాసమునకు గాలివాటము తగునా?" అని అత్తగా రడిగిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.

దిగివచ్చిన పిమ్మట చర్చిలో, 1817లో గోయా చిత్రించిన పటమును తప్పక చూడవలెను. అందున్న ఇరువురు స్త్రీలు హుస్తా, రుఫీనా యను అక్కచెల్లెండ్రు. మూడవ శతాబ్దిలో కుండలమ్మి జీవించినవారట. అన్యదేవతోత్సవమునకు తమ పాత్రల నీయమనగా, కోపగించినవారు వాని నన్నిటిని పగులగొట్టిరి. అక్కచెల్లెండ్రు ఆ దేవతా విగ్రహమును పగులగొట్టి, అందుకై ప్రాణములు గోల్పోయిరని చెప్పుదురు. 1504 నాటి భూకంపమున హిరాల్దా కూలకుండ వీరే చెఱియొకవైపున బట్టుకొనిరని యూరివారి నమ్మకము. పెద్ద పెద్ద రాజులను విడిచి కుండలమ్ము పడుచుల చేతికి గోపురమును గాపాడు పని నొప్పగించిన యా జనుల యూహ మాకు మిక్కిలి నచ్చినది. పటములో గోపురము వారి వెనుక నున్నది; చేతులలో మట్టిపాత్రలు నున్నవి.

ఏరు దాటిన నున్న ట్రియానా పేట నేటికిని మట్టిపాత్రలకును, రంగుపలకలకును పేరుపడినది. అచ్చట మేము మూడు గిన్నెలు కొంటిమి. రెండు పగులక యిల్లు చేరినవి.