ఎనిమిది మూరల మర్యాద

ఖరగపూర్ రైల్వే కాలనీలో ఒక తెలుగువారి ఇంట పెళ్ళి. ముహూర్తానికి ఇంకా గంటన్నర వ్యవధి ఉన్నది. వరుడు కోల్‌కతాలో ఉద్యోగం చేస్తున్న ఇంజనీరు. అతని ఎదుట పెట్టెలో ఒక పట్టుపంచె సిద్ధంగా ఉన్నది. పంచె అన్నమాటే గాని, నిజానికది పంచె ఆకారంలో కుట్టిన దుస్తు. అందులో కుచ్చెళ్ళు కుట్టి ఉంటాయి, గోచి కుట్టి ఉంటుంది, నడుము దగ్గర ఒకదానికొకటి అంటుకొనే పట్టీలు ఉంటాయి. పైజామావలె తొడుక్కుంటే సరిపోతుంది. అయితే కొలత ఇచ్చిన నాటికీ పెళ్ళినాటికీ మధ్య వరుని నడుము రెండంగుళాలు పెరిగింది. ఒక పట్టీ రెండవ పట్టీని అందుకోలేదు.

ఇంట్లో కలవరం బయలుదేరింది. మేనమామ బజారుకు మనిషిని పంపుదామన్నాడు. వరండాలో కూర్చున్న తాతగారు మాత్రం తొందరపడలేదు. ఆయన రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వృద్ధులు. మెల్లగా లోపలికి వెళ్ళి, గంజి పెట్టి మడిచిన తమ నేతపంచె ఒకటి తెచ్చి మనుమని చేతిలో పెట్టారు.

"కట్టు తాతయ్యా" అంటూ వరుడు చేతులు చాచి నిలబడ్డాడు.

"నేను కడితే ఈ పూటకే ఉంటుంది. నేను చెబుతాను, నువ్వు కట్టుకో" అన్నారు తాతగారు.

ఆ గంటలో నేను పక్కన నిలబడి విన్న పాఠమే ఈసారి ఈ శీర్షికకు విషయం.

ఎక్కడి పంచె, ఎక్కడి ఖరగపూర్ అని పాఠకులు అనుకోవచ్చు. బెంగాల్-నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఆ శతాబ్ది ముగిసే నాటికి ఖరగపూర్‌లో జంక్షను వెలిసింది, దాని వెంట పెద్ద కార్ఖానా వచ్చింది. హౌరా నుంచి వచ్చే దారి ఇక్కడ చీలి, ఒకటి నాగపూరు మీదుగా ముంబాయి వైపు, మరొకటి ఒడిశా మీదుగా వాల్తేరు, చెన్నైల వైపు సాగుతుంది. ఆ రెండవ దారి పట్టుకొనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పని వెదుక్కుంటూ ఇక్కడికి చేరాయి. తరాలు గడిచాయి. బజారులో బెంగాలీ, కచేరీలో హిందీ, ఇంట్లో తెలుగు అనే అలవాటు స్థిరపడింది. ఏటేటా మాతా పూజలు నేటికీ జరుగుతున్నవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల జాబితాలో చోటివ్వడానికి ఆమోదించింది. భాషకు ప్రభుత్వ ముద్ర లభించింది. పంచెకట్టుకు అటువంటి ముద్ర వేసే కార్యాలయం ఎక్కడా లేదు. అది ఒక చేతినుంచి మరొక చేతికి అందవలసిందే.

ఈ సందర్భంలో స్కాట్లండు దేశీయుల కిల్టును తలచుకోవడం అసందర్భం కాదు. భారత రైల్వేలకు ఎన్నో ఆవిరి ఇంజన్లను నిర్మించి పంపిన గ్లాస్గో నగరం ఆ దేశంలోనిదే. పురుషులు ధరించే ఆ గళ్ళ ఉన్ని వస్త్రాన్ని మనవారు చాలామంది సినిమాలలోనో, సైనిక వాద్యబృందాల మీదనో చూసే ఉంటారు. దాన్ని చూసి గౌను అని నవ్వేవారికి దాని నియమాలు తెలియవు. పూర్తి కిల్టుకు ఎనిమిది గజాల ఉన్నిబట్ట పడుతుంది. మడతలన్నీ వెనుకకు ఉండాలి, ముందుభాగం చదునుగా ఉండాలి. అది ప్యాంటువలె తుంటిమీద కాక నాభి దగ్గర బిగియాలి. కింది అంచు మోకాటి చిప్ప దాటి దిగరాదు. కిల్టుకు జేబులు లేవు గనుక ముందు ఒక తోలుసంచి వేలాడుతుంది. పై చెరగుకు గుచ్చే పెద్ద పిన్నును కింది పొరకు కలిపి గుచ్చరాదు, గుచ్చితే నడకలో బట్ట చిరుగుతుంది. మోకాటి కింద మడిచిన మేజోడులో చిన్న కత్తి ఉంచుకోవడం కూడా వారి ఆచారమే.

ఇన్ని నియమాలు దేనికి? 1746లో కలోడెన్ యుద్ధం ముగిశాక బ్రిటిష్ పార్లమెంటు కొండప్రాంతపు స్కాట్లండు పురుషుల ఈ వేషాన్ని శాసనం ద్వారా నిషేధించింది. ధరిస్తే శిక్ష. సైన్యంలో ఉన్నవారికి మాత్రమే మినహాయింపు. 1782లో గాని ఆ శాసనం రద్దు కాలేదు. తరువాత 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు స్వయంగా కిల్టు ధరించాడు. నిన్న నేరమైనది నేడు రాజలాంఛనమైనది. ఒకప్పుడు కట్టనివ్వని బట్టను ఆ జాతివారు ఇప్పుడు అంగుళం తేడా రాకుండా కడుతున్నారంటే అందులో ఆశ్చర్యమేమున్నది?

మన పంచెకు కూడా అటువంటి కథ ఒకటి ఉన్నదని ఆనాడు తాతగారి నోట తెలిసింది. దానికి ముందు ఆయన చెప్పిన పద్ధతి వివరిస్తాను.

మొదట వస్త్రం సంగతి. పంచె పొడవు ఎనిమిది మూరలు, అనగా నాలుగు గజాలు. వెడల్పు నడుము నుంచి మడమలకు సరిపోవాలి. జతగా వచ్చే పంచెలను చాపు అంటారు. కొత్తగా నేర్చేవారు పట్టు జోలికి పోరాదు, పట్టు జారుతుంది. పలుచగా గంజి పెట్టిన నూలు వేళ్ళకు లొంగుతుంది, దోపినచోట నిలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్నని నూలు వడికి నేసే ఖద్దరు ఇందుకు పేరెన్నిక గన్నది.

పంచెను వెనుకగా పట్టుకొని నడుము చుట్టూ తేవాలి. రెండు చెంగులూ ముందుకు వస్తాయి. కుడి చెంగు కొంచెం పొడవుగా ఉండేట్లు చూసుకోవాలి, కుచ్చెళ్ళకు అదే ఆధారం. పై అంచులను నాభి దగ్గర బిగించి ముడి వేయాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పొట్టను లోపలికి పీల్చి ముడి వేస్తారు. పంక్తిలో భోజనానికి కూర్చున్నప్పుడు ఆ తప్పు తెలిసివస్తుంది. సహజంగా ఊపిరి తీసుకుంటూనే ముడి బిగించాలి.

తరువాత గోచి. ఎడమ చెంగు అంచును సన్నని మడతలుగా చేర్చి, కాళ్ళ మధ్యనుంచి వెనుకకు పంపి, వెన్నెముకకు సరిగ్గా నడుము దగ్గర దోపాలి. దోపిన పిమ్మట ఒకసారి గొంతుకూర్చొని లేవాలి. లాగినట్లుంటే గోచి మరీ బిగువుగా ఉన్నదన్నమాట. వేలాడినట్లుంటే వదులన్నమాట. గోచి లేకుండా చుట్టుకొనేది అడ్డపంచె. అది ఇంట్లో విశ్రాంతికి బాగుంటుంది. శుభకార్యంలో పీటల మీద కూర్చునేవారు గోచి పెట్టి కట్టడమే సంప్రదాయం.

చివరివి కుచ్చెళ్ళు. కుడి చెంగును బెత్తెడు వెడల్పున ఒకదానిమీద ఒకటిగా మడుస్తూ రావాలి. కింది అంచులన్నీ ఒకే వరుసలో నిలవాలి. అప్పుడు పై కొసను ముడి దగ్గర లోపలికి దోపాలి. వరుడు మొదటి రెండుసార్లూ ఇక్కడే తడబడ్డాడు. మడతలను లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. "లెక్క ఎందుకు? వేళ్ళను నమ్ము" అన్నారు తాతగారు. మూడవసారి కళ్ళు మూసుకొని మడిచాడు. కుచ్చెళ్ళు నిలిచాయి.

పెళ్ళికి వచ్చిన పొరుగింటి బెంగాలీ పెద్దమనిషి ఈ తతంగమంతా ముచ్చటగా చూస్తున్నారు. ఆయన కట్టుకున్నది తమ పద్ధతి ధోతి. వారిదీ వెనుక కచ్చ, ముందు కుచ్చెళ్ళ కట్టే. అయితే వారి ముందు మడతలు విసనకర్రవలె సన్నగా విచ్చుకుంటాయి. ఆ కొసను చేత పట్టుకొని నడవడమో, జుబ్బా జేబులో పెట్టుకోవడమో వారి తీరు. మన కుచ్చెళ్ళు నడుము నుంచి నేరుగా పాదాల మీదికి జారుతాయి. రెండింటిలో ఏది మెరుగు అనే వాదం అనవసరం. ఏది ఎవరిదో తెలిసి ఉండడం అవసరం.

పంచెకూ జేబులు లేవు. స్కాట్లండువారు దానికి తోలుసంచి కనిపెట్టారు. మనవారు రొండిని కనిపెట్టారు. నడుము దగ్గర పంచె మడతలో డబ్బు దోపుకొంటే, ముడి సరిగా ఉన్నంతవరకు అది ఎక్కడికీ పోదు. ముడి మీద నమ్మకం లేనివారు బెల్టు బిగించుకోవచ్చు. అది నేరమేమీ కాదు, మన తాతలలో కూడా వెడల్పాటి బెల్టు పెట్టినవారు చాలామంది ఉన్నారు. కాని బెల్టు చూసుకొని ముడిని నిర్లక్ష్యం చేయరాదు.

ఉత్తరీయాన్ని నిలువుగా మడిచి ఎడమ భుజం మీద వేసుకోవాలి. రెండు కొసలూ ముందు వెనుకలుగా జారి ఉండాలి. మెడ చుట్టూ మఫ్లరువలె చుట్టరాదు. దేవుని సన్నిధిలో దాన్ని నడుముకు చుట్టుకోవడం వినయానికి గుర్తు. పంచె కింద మేజోళ్ళూ బూట్లూ వేసుకొని ఫొటో తీయించుకున్నవారిని చూస్తుంటాము. చెప్పులు చాలు.

అంతా అయిన తరువాత వరుడు అద్దంలో చూసుకొని, "అంచు నేలకు తగులుతుందేమో తాతయ్యా, తొక్కి పడతాను. కొంచెం పైకి కట్టుకుంటాను" అన్నాడు. అంతవరకు ఓర్పుగా ఉన్న తాతగారి కంఠం మారింది.

"వద్దు. అంచు మడమ మీదనే ఉండాలి" అన్నారు. ఒక క్షణం ఆగి చెప్పారు. "మా అయ్య ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మోకాలి పైకే కట్టాడు. కామందు ఎదురైతే భుజం మీది తుండు తీసి చంకలో పెట్టుకున్నాడు. కిందికి దించి కట్టే హక్కు మాకు లేదు. ఇక్కడికి వచ్చి, కార్ఖానాలో చేరి, మొదటి జీతంతో పంచెల చాపు కొన్నాడు. మడమల దాకా దించి కట్టి, తుండు భుజాన వేసుకొని బజారులో ఈ చివరనుంచి ఆ చివరకు నడిచాడు. తీయమన్నవాడు లేడు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. వరుడు వంగి, తాను పైకి లాగిన అంచును మళ్ళీ కిందికి సర్దుకున్నాడు.

మన పల్లెలలో ఎవరు ఎంత పొడవు బట్ట కట్టవచ్చునో, ఎవరి ముందు భుజం మీది గుడ్డ దించవలెనో కులమూ కలిమీ నిర్ణయించిన కాలం ఉండేది. దానికి పార్లమెంటు శాసనం లేదు. అవసరం కూడా లేకపోయింది. పంచెకట్టును పండితుల వేషమనో, పెద్దకులాల సొత్తనో తలచేవారు ఈ సంగతి మరువరాదు. ఒకరికి అది అలవాటుగా వచ్చింది. మరొకరు దాన్ని కష్టార్జితంతో సంపాదించుకున్నారు. సంపాదించుకున్నవారి కట్టులో మడత ఒక్కటి కూడా వంకరపోదు.

కుట్టిన పంచెను నేను నిందించను. తొందర గల కాలానికి తొందర గల దుస్తులు వస్తాయి. కాని అది ఒక్క నడుముకే సరిపోతుంది. ఎనిమిది మూరల నేతపంచె తాతకూ మనుమనికీ కూడా సరిపోతుంది. దానికి కావలసిన కొలత బట్టలో ఉండదు, కట్టే చేతిలో ఉంటుంది.

పెళ్ళి సక్రమంగా జరిగింది. వరుడు పీటల మీద కూర్చున్నాడు, లేచాడు, అగ్నిహోత్రం చుట్టూ తిరిగాడు. పంచె అంగుళం జారలేదు. అర్ధరాత్రి దాటాక, చుట్టాలందరూ సర్దుకున్న వేళ, తాతగారు మనుమని లోపలికి పిలిచారు. అలసిపోయావు, పడుకో అంటారని అనుకున్నాను.

"విప్పి, మళ్ళీ ఒకసారి కట్టు. ఈసారి నేను చెప్పను" అన్నారాయన.