వీధికి వార్డెను

వార్డెన్ అనగానే మనకు హాస్టలో, జైలో గుర్తుకొస్తుంది. బజారు వీధులకూ వార్డెన్లుంటారు. 1989లో హాలండులోని డోర్‌డ్రెక్ట్ పట్టణం పని దొరకనివారికి యూనిఫారమిచ్చి ఊరి నడిబొడ్డున తిరగమంది. అరెస్టు చేసే అధికారం లేదు. దారి అడిగితే చెప్పడం, గొడవ కనబడితే పోలీసులకు కబురంపడం, అంతే. 2000లో ఇంగ్లండు ప్రభుత్వం పేటలకు, 2001లో వీధులకు వార్డెన్లను పెట్టుకోమని నిధులిచ్చింది. వారిదీ నెలజీతమే.

మన ముంబయి సంగతి వేరు. 2007లో అక్కడి నగరపాలక సంస్థ 'క్లీన్-అప్ మార్షల్స్'ను వీధుల్లోకి దింపింది. ఉమ్మినా, చెత్త వేసినా జరిమానా. మనుషులను పెట్టేది ప్రైవేటు ఏజెన్సీలు. వసూలైనదాంట్లో వారికి వాటా. రసీదు ఇవ్వలేదనీ, బెదిరించి గుంజారనీ ఫిర్యాదులొచ్చాయి. ఆపారు, మళ్ళీ పెట్టారు. కరోనా రోజుల్లో మాస్కు లేనివారికి 200 రూపాయలు వేశారు, అందులో సగం ఏజెన్సీదే. 2024 ఏప్రిల్‌లో ఇంకోసారి మొదలుపెట్టి, ఫిర్యాదులు ఆగక 2025 ఏప్రిల్‌లో పూర్తిగా ఎత్తేశారు.

ఆ కుర్రవాళ్ళను తిట్టి లాభం లేదు. నేను కామర్సు చదివినవాణ్ణి, నాకు లెక్కలోనే తప్పు కనబడుతుంది. మా బ్యాంకు పిగ్మీ ఏజెంటూ కమీషను మీద బతికినవాడే. రోజూ దుకాణాల వెంట తిరిగి ఐదో పదో తెచ్చేవాడు. వ్యాపారి పొదుపు పెరిగితే అతని కమీషనూ పెరిగేది. పైగా అక్కడికక్కడే కార్డులో అంకె వేసి సంతకం పెట్టేవాడు, మేము లెడ్జరుతో సరిచూసేవాళ్ళం. మార్షల్‌ది అందుకు తిరగబడ్డ లెక్క. జనం ఉమ్మడం మానేస్తే ఏజెన్సీకి రాబడి పోతుంది! వీధి బాగుపడితే నష్టపోయేవాడికి ఆ వీధిని అప్పగించామన్నమాట.

జరిమానా ప్రతి పైసా ఖజానాకు జమ కావాలి, మనిషికి బడ్జెట్టులోంచి జీతమివ్వాలి. ఇదే మాట ఇంట్లో అన్నాను. "జీతమిస్తే చెట్టునీడన నిలబడి కబుర్లు చెప్పుకుంటారండీ" అంది మా ఆవిడ.

నిలబడనీ. యూనిఫారం కనబడితే పాన్ నములుతున్నవాడు పక్కనున్న గోడవైపు తిరిగేముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణానికే నేను జీతమివ్వమనేది.