బడి పన్ను ఎవరి హద్దు దాకా?

2024 నవంబరులో ట్రంప్‌ను గెలిపించిన ఓటర్లే టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో అదే బ్యాలెట్ మీద ఇంకో తీర్పు కూడా ఇచ్చారు. కొత్త భవనాలకు, మరమ్మతులకు 100 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చుకుంటామని, ఇంటిపన్ను రేటు కొంత పెంచుకుంటామని అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ అనుమతి అడిగింది. నాలుగు ప్రతిపాదనలు పెడితే నాలుగూ ఓడిపోయాయి. ఈ వార్త మన పత్రికల కంట పడలేదు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసిన మనం మాత్రం పట్టించుకోవాల్సిన గొడవే ఇది.

టెక్సాస్ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. బడుల బరువు చాలావరకు ఇంటి మీదే పడుతుంది. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కూ సొంత హద్దు, సొంత ఎన్నికైన బోర్డు, సొంత పన్ను రేటు ఉంటాయి. భవనం కట్టాలంటే బాండ్లు అమ్మి అప్పు తెస్తారు, ఇంటిపన్నుతో తీరుస్తారు. దానికి ముందు జనం ఓటు వేసి ఒప్పుకోవాలి. 2019 చట్టం ప్రకారం ఇది ఆస్తిపన్ను పెంపు అని ప్రతి స్కూల్ బాండు బ్యాలెట్ మీదా పెద్దక్షరాల్లో అచ్చువేయాలి. పన్ను రేటు మారకపోయినా సరే, ఆ వాక్యం ఉండాల్సిందే. దాన్ని పెట్టించినవాళ్ళ ఉద్దేశం ఏమిటో చెప్పనక్కర్లేదు.

అక్కడికి దగ్గర్లోనే ఇల్లు కొనుక్కున్న మా పెదనాన్న కొడుకు ఫోన్లో అన్నాడు: 'పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్ళిపోయారు తమ్ముడూ. ఇంకా ఎవరి పిల్లల కోసం కట్టాలి?' గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళుగా నిలబడ్డవాడు. ఓటు లేదు, పన్ను ఉంది. ఇంటి విలువ ఏటా పెరిగినట్టు కాగితం వస్తుంది, జీతం మాత్రం పెరగదు. ఈ ఫిర్యాదులో సగం న్యాయం ఉంది. ఇంటిపన్నుకు ఇంటి విలువ తెలుసు కానీ ఇంట్లోవాళ్ళ చేతిలో ఎంత ఉందో తెలియదు. కొలంబియాలో అంబేద్కర్‌కు ద్రవ్యశాస్త్రం చెప్పిన సెలిగ్మన్, ఆ రోజుల్లో అమెరికా ఆస్తిపన్నును గట్టిగా విమర్శించినవాళ్ళలో ముఖ్యుడు. అంబేద్కర్ 1925లో అచ్చువేసిన 'ది ఎవల్యూషన్ ఆఫ్ ప్రొవిన్షియల్ ఫైనాన్స్ ఇన్ బ్రిటిష్ ఇండియా'కు ముందుమాట రాసిందీ ఆయనే. పన్ను ఎవరు కడుతున్నారు, ఏ స్థాయి ప్రభుత్వం ఖర్చు పెడుతోంది అన్న ప్రశ్నతోనే బాబాసాహెబ్ చదువు సాగిందని మనం తరచూ మరిచిపోతాం.

అన్న మాటలో మిగతా సగం మాత్రం నాకు మింగుడుపడలేదు. అతనూ నేనూ ఒకే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాం. మా అన్నం, మా బెడ్డింగు, మా పుస్తకాలు ఎవరి డబ్బు? మా ముఖం కూడా చూడని వాళ్ళది. అందులో బెల్టుషాపు ముందు నిలబడ్డ కూలీది కూడా. 1927లో బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ ఈ లెక్కే తీశారు. చదువుకు తలకు 14 అణాలు ఖర్చుపెడుతున్న ప్రభుత్వం ఎక్సైజు రూపంలో తలకు 2 రూపాయలకు పైగా లాగుతోందని, లాగినంతైనా జనానికి చదువు రూపంలో తిరిగివ్వాలని అడిగారు. పిల్లలున్నవాళ్ళే బడికి కట్టాలన్న వాదన అప్పుడే గెలిచి ఉంటే అన్న ఫ్రిస్కో దాకా వెళ్ళేవాడే కాదు.

అయితే ఓటర్లను స్వార్థపరులని తిట్టి చేతులు దులుపుకుంటే అసలు సంగతి తప్పిపోతుంది. అసలు సంగతి హద్దు.

అదే టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్ట్ ఉంది. 1960ల చివర అక్కడి పిల్లల్లో దాదాపు 90 శాతం మెక్సికన్ అమెరికన్లు, 6 శాతానికి పైగా నల్లజాతివాళ్ళు. 1968లో విద్యార్థులు తరగతులు వదిలి బయటికొచ్చారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే షీట్‌మెటల్ కార్మికుడు, ఇంకొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. కోర్టు రికార్డులో 1967-68 లెక్కలు చూడండి. ఎడ్జ్‌వుడ్‌లో ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను. అదే నగరంలో తెల్లవాళ్ళ అలమో హైట్స్‌లో 85 సెంట్లు. ఎక్కువ రేటు కట్టిన ఎడ్జ్‌వుడ్‌కు స్థానిక పన్ను నుంచి ఒక్కో పిల్లవాడికి వచ్చింది 26 డాలర్లు, తక్కువ కట్టిన అలమో హైట్స్‌కు 333. పేదలు పన్ను కట్టరు కాబట్టే వాళ్ళ బడి పాడుబడిందని చెప్పేవాళ్ళకు ఈ ఒక్క లెక్క చాలు.

1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆ తల్లిదండ్రులను ఓడించింది. విద్య తమ రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదంది. బ్రౌన్ కేసు వాదించి గెలిచిన థర్గుడ్ మార్షల్ అప్పటికి న్యాయమూర్తిగా ఉన్నారు, భిన్నాభిప్రాయం రాశారు. 1989లో టెక్సాస్ సొంత సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఎడ్జ్‌వుడ్ పక్షాన నిలిచింది. ఆ తర్వాత 1993లో సంపన్న డిస్ట్రిక్టుల నుంచి కొంత వెనక్కి తీసుకునే ఏర్పాటు వచ్చింది. జనం దాన్ని రాబిన్ హుడ్ అంటారు. కానీ ఆ ఏర్పాటు బడి నడిపే ఖర్చుల పన్నుకే. బాండ్ల అప్పు తీర్చే పన్నుకు వర్తించదు. అంటే భవనానికి, ల్యాబుకు, స్టేడియానికి వసూలైన డబ్బు మొత్తం హద్దు లోపలే ఉండిపోతుంది. ఫ్రిస్కోలో 'సరే' గెలిచినా ఎడ్జ్‌వుడ్ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఊరి బావి నీళ్ళు వాడ దాకా రాకుండా కట్టిన గట్టు మన కళ్ళకు కొత్తది కాదు. బడి అప్పును రాష్ట్రం మొత్తం మోయాలి, రాష్ట్రం మొత్తానికీ పంచాలి. అక్కడి తెలుగు సంఘాలు పన్ను రేటు గురించి కాక దీని గురించి మాట్లాడితే వినాలనుంది. 2025లో టెక్సాస్ ప్రైవేటు బడి ఫీజులకు ఇదే 100 కోట్ల డాలర్లు కేటాయిస్తూ చట్టం చేసింది. దాని మీద ఏ ఊరి ఓటరునూ బ్యాలెట్‌లో అడగలేదు.

మన సెస్సుల కథ వేరు. 2007లో సెకండరీ, ఉన్నత విద్య పేరిట 1 శాతం సెస్సు మొదలుపెట్టారు. ఆ డబ్బుకు ప్రత్యేక నిధి పెట్టడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నది 2017 ఆగస్టులో. పదేళ్ళు కట్టాం, అది ఏ బడికి చేరిందో చూపించే ఖాతా లేదు. ఇక 2025లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ పాఠశాలల కోసం తెచ్చే అప్పును ఎఫ్ఆర్‌బీఎం పరిమితి నుంచి మినహాయించమని కేంద్రాన్ని కోరారు. బడి కోసం అప్పు చేయడాన్ని నేను తప్పుపట్టను, రోడ్డుకు చేసేదానికన్నా మంచి అప్పే. కానీ అద్దె భవనాల్లో నడుస్తున్న గురుకులాలకు అందులో ఎంత, వాడలోని ప్రాథమిక పాఠశాలకు ఎంత, కిస్తీ ఏ పద్దు నుంచి కడతారు? ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి అయితే మా వాటాతోనే మాకు అప్పు ఇచ్చినట్టు. టెక్సాస్‌లో ఆ ఒక్క వాక్యం జనాన్ని భయపెట్టడానికే పెట్టినా, అప్పు ఎంత, దేనికి అన్నది బ్యాలెట్ మీద ఉంటుంది. ఆ పాటి కాగితం తెలంగాణ అసెంబ్లీలోనైనా పెట్టమని మన విద్యార్థి సంఘాలు అడగాలి, కిస్తీలు మొదలవకముందే.