45 ఫ్రేములు తక్కువైన గెంతు

పోయిన కార్తీక పౌర్ణమికి నాయనమ్మని సూర్యలంక తీసుకెళ్లాం. తెనాలిలో రైలెక్కి, బాపట్లలో దిగి, అక్కణ్ణుంచి 9 కిలోమీటర్లు ఆటోలో. తెల్లారేసరికే తీరమంతా జనం. తడి చీరలు, అరటి దొప్పల్లో దీపాలు, పిల్లల కేకలు. ఇంట్లో ఎప్పుడూ గంభీరంగా ఉండే మా నాయనమ్మ కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని పిక్కల్లోతు నీళ్లలో నిలబడింది. ఓ అల కాస్త పెద్దగానే వచ్చింది. ఆవిడ చిన్నపిల్లలా ఒక్క గెంతు గెంతి, పకపకా నవ్వింది.

అప్పటికే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఉంది కాబట్టి దొరికింది. మొత్తం 11 సెకన్ల క్లిప్. అందులో గెంతు అర సెకనే.

ఇంటికొచ్చాక ఆ గెంతుని హీరో ఎంట్రీలా స్లోమోషన్‌లో పెడదామనిపించింది. కృష్ణగారి బుర్రిపాలెం మాకు పక్కనే, ఆమాత్రం సినిమా పిచ్చి ఉంటుంది కదా! ఎడిటింగ్ యాప్‌లో స్పీడ్‌ని 25 శాతానికి తగ్గించి ప్లే నొక్కాను. నాయనమ్మ గాల్లోకి టక్, టక్, టక్ మని ఆగి ఆగి లేస్తోంది. గుంతల రోడ్డు మీద ఆటోలాగా.

తప్పు యాప్‌దేమో అనుకుని ఇంకో రెండు యాప్‌లు దించుకున్నా. అన్నిట్లోనూ అదే తంతు. అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశా.

లెక్క ఇదీ

నేను తీసింది మామూలు మోడ్‌లో, అంటే సెకనుకి 30 ఫ్రేములు. అర సెకను గెంతులో ఉన్నవి 15 బొమ్మలు. దాన్ని నాలుగు రెట్లు మెల్లగా చేస్తే రెండు సెకన్లవుతుంది. రెండు సెకన్లకి కావాల్సినవి 60 బొమ్మలు. ఉన్నవి 15, లేనివి 45. యాప్ ఏం చేస్తుంది పాపం! ఉన్న ఒక్కో బొమ్మనే నాలుగేసి సార్లు చూపిస్తుంది. అదే ఆ టకటక.

అదే గెంతుని 120 ఫ్రేముల్లో తీసి ఉంటే అర సెకనులోనే 60 బొమ్మలు దొరికేవి. ఒక్కటీ తక్కువ కాదు. స్లోమోషన్‌కి 1904లో పేటెంట్ తీసుకున్న ఆస్ట్రియా ప్రీస్ట్ ఆగస్ట్ ముస్గర్ కాలం నుంచీ సూత్రం ఇదొక్కటే: వేగంగా తియ్యి, మెల్లగా చూపించు. అంటే స్లోమోషన్ పుట్టేది ఎడిటింగ్‌లో కాదు, షూటింగ్‌లో.

30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క చిన్నదే. 60లో తీస్తే సగం వేగం దాకా, 120లో తీస్తే నాలుగో వంతు దాకా, 240లో తీస్తే ఎనిమిదో వంతు దాకా నున్నగా వస్తుంది. అంతకన్నా కిందికి లాగితే మళ్లీ ఆటో ప్రయాణమే. టైమ్‌లైన్‌ని కూడా 60లో పెట్టేసి, 60 క్లిప్‌ని సగానికి తగ్గించినా బొమ్మలు చాలవు. ఇంకో తిరకాసుంది. కొన్ని ఫోన్లు స్లోమోషన్ మోడ్‌లో తీసినదాన్ని ముందే మెల్లగా చేసి, 30 ఫ్రేముల ఫైల్‌గా దాస్తాయి. దాన్ని మీరు మళ్లీ స్లో చేస్తే మెల్లదనం మీద మెల్లదనం. అది అతకదు.

లేని బొమ్మలు పుట్టిస్తే?

ఇక నా 15 బొమ్మల సంగతి. లేనివాటిని పుట్టించే పద్ధతులు రెండున్నాయి. డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో రెండూ దొరుకుతాయి. ఫ్రేమ్ బ్లెండ్ అయితే పక్కపక్క బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి కలిపేస్తుంది. మనిషి వెనక మసక నీడలాంటిది కనిపిస్తుంది. ఆప్టికల్ ఫ్లో తెలివైనది. ఈ బొమ్మలో ఉన్న చుక్క తర్వాతి బొమ్మలో ఎక్కడికి జరిగిందో ఊహించి, మధ్యలో ఉండాల్సిన బొమ్మని తయారుచేస్తుంది.

ఆశగా ఆప్టికల్ ఫ్లో పెట్టాను. టకటక పోయింది. కానీ నాయనమ్మ వేళ్లు నురగలో కరిగిపోయాయి. గాజులు సాగి జిగురులా అయ్యాయి. తీసుకెళ్లి ఆవిడకే చూపించా. కళ్లజోడు సర్దుకుని చూసి, “ఇది నేను కాదురా. నా వేళ్లేవి?” అంది.

నిజమే. సాఫ్ట్‌వేర్‌కి నీళ్లంటే పడదు. నురగలో ఏ చుక్కా మరుక్షణం అక్కడుండదు, పోల్చుకోవడానికి ఆధారమే ఉండదు. మొహానికి అడ్డంగా చెయ్యి ఊపినా, చీర మీద దగ్గర దగ్గర చారలున్నా ఇదే గోల. ఖాళీ ఆకాశం ముందు మెల్లగా నడిచే మనిషి, దూరంగా కదిలే పడవ అయితే బాగానే చేస్తుంది.

మళ్లీ తీయొచ్చుగా అంటారేమో. ఆ తర్వాత నాయనమ్మ మోకాళ్లు మొరాయించాయి. ఇప్పుడు ఇంట్లో నడవడానికే గోడ పట్టుకోవాలి. ఇసుకలో దిగి అలని గెంతే మాట లేదు. ఉన్నవి ఆ 11 సెకన్లే.

చివరికి అత్యాశ తగ్గించుకున్నా. క్లిప్‌ని ముక్కలు చేశా. అల, గెంతు, నురగ ఉన్న భాగాన్ని అసలు వేగంలోనే వదిలేశా. ఆ తర్వాత ఆవిడ తలెత్తి నవ్విన రెండు సెకన్లున్నాయి చూశారూ, వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. దాన్ని మాత్రం సగం వేగానికి తగ్గించి ఆప్టికల్ ఫ్లో పెట్టా. ఒకటికి ఒకటే కొత్త బొమ్మ కాబట్టి తేడా కనపడలేదు. నిజంగా జరిగింది చెడిపోలేదు, నవ్వు కాస్త ఎక్కువసేపు నిలిచింది.

మీరు తీసేటప్పుడు

ఎండ ఉన్నప్పుడే తీయండి. 120 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకి వెలుతురు పడే సమయం సెకనులో 120వ వంతు మించదు. ప్రో మోడ్ ఉంటే షటర్‌ని ఫ్రేములకి రెట్టింపు, అంటే 1/240 దగ్గర పెట్టండి. సూర్యుడు పూర్తిగా రాకముందు తీస్తే మసకే. పెళ్లి మండపంలో అయితే ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద వెలిగే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. మామూలు వీడియోలో కనపడని ఆ మినుకు 120, 240లో బయటపడుతుంది. నిండా రెండు మూడు సెకన్లు టెస్ట్ తీసి చూసుకోండి.

ఎడిట్ చేసే ఫైల్‌ని వాట్సాప్‌లో వీడియోగా పంపించుకోకండి, నాణ్యత పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. సూర్యలంకలో అయితే పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, డ్రోన్ ఆలోచన మానుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్‌లోకి చూస్తూ నీళ్లలోకి వెనక్కి నడవకండి. అల మీ షాట్ అయ్యేదాకా ఆగదు.

మొన్న ఆ క్లిప్‌ని టీవీలో వేశా. నాయనమ్మ చూసి ఏమీ అనలేదు. అయిపోయాక, “మళ్లీ వెయ్యి” అంది. మూడుసార్లు వేశా.

ఈ కార్తీకానికి వస్తానంటోంది. ఒడ్డున కుర్చీ వేస్తే కూర్చుని చూస్తుందట. ఫోన్‌ని ముందే 120 మీద పెట్టి ఉంచా. ఆవిడ గెంతకపోయినా ఫర్వాలేదు, ఏదో ఒక అల కుర్చీ దాకా రాకపోతుందా.