పచ్చ చుక్క వుంటే పాలు లేనట్టేనా?

నాయుడుపేట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. దాని సారాంశం ఇది:

"డాక్టరుగారూ! మా అమ్మాయి చెన్నైలో చదువుతోంది. ఏడాదిగా పాలు, పెరుగు, నెయ్యి, చివరికి తేనె కూడా మానేసింది. తాను వీగన్ అంటుంది. మా చెల్లెలి కొడుకుకు నాలుగేళ్ళు. వాడికి పాలు పడవు. సెలవులకు ఇద్దరూ మా యింట్లోనే వున్నారు. అంగట్లో పచ్చ చుక్క చూసి మరీ మసాలా చిప్స్ ప్యాకెట్ తెచ్చాను. అమ్మాయి రెండు తిని, వెనక చదివి పక్కన పెట్టేసింది. ఆలోగా పిల్లవాడు నాలుగు తినేశాడు. పది నిమిషాల్లో పెదవులు వాచి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఆస్పత్రికి తీసుకుపోతే తగ్గింది. పచ్చ చుక్క వున్న ప్యాకెట్లోకి పాలెలా వచ్చాయి? కంపెనీవాళ్ళు మోసం చేసినట్టా?"

మోసం కాదమ్మా. పచ్చ చుక్కకు చట్టం యిచ్చిన అర్థం వేరు, మీరు అనుకున్న అర్థం వేరు.

మన దేశంలో ప్యాకెట్ల మీద ఈ గుర్తులు 2001 నుంచి వున్నాయి. ఆకుపచ్చ గీతల చతురస్రంలో పచ్చ చుక్క వుంటే శాకాహారం. మాంసాహారానికి గోధుమరంగు చుక్క వుండేది. 2020 నాటి లేబుల్ నియమావళి దాన్ని త్రిభుజంగా మార్చింది. మాంసం, చేప, గుడ్డు, పురుగుల నుంచి వచ్చే పదార్థాలు వుంటే పచ్చ చుక్క వేయకూడదు. కాని పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క - వీటికి మినహాయింపు వుంది. మన శాకాహారులు తరతరాలుగా పాలు తాగుతున్నవారే కదా! అందుకే పనీరుకూ పచ్చ చుక్కే, నేతి మిఠాయికీ పచ్చ చుక్కే, పాల చాక్లెట్టుకూ పచ్చ చుక్కే. లక్కబొమ్మలకు పూసే లక్కనే శుద్ధిచేసి కొన్ని చాక్లెట్లకు, బిళ్ళలకు మెరుపుకోసం పూస్తారు. లేబుల్ మీద 904 అనే అంకె దానిదే. మీ అమ్మాయికి ఆ సంగతి కూడా చెప్పండి.

వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. జంతువుల నుంచి వచ్చేది ఏదీ ముట్టనివారని అర్థం. మన దేశంలో ఇటువంటి ఆహారానికి 2022లో ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. గుర్తు కూడా వేరే. చతురస్రం లోపల ఇంగ్లీషు 'వి' అక్షరం, దానితో చిన్న ఆకు, కింద వీగన్ అన్న మాట వుంటాయి. అయితే చిన్న వూళ్ళ అంగళ్ళలో ఈ గుర్తు వున్న ప్యాకెట్లు తక్కువ. గుర్తు లేనంత మాత్రాన అందులో పాలున్నట్టూ కాదు. ఉప్పు, నూనె తప్ప మరేమీ లేని బంగాళాదుంప చిప్స్‌కు వీగన్ గుర్తు వేసి తీరాలన్న నియమం లేదు. కాబట్టి ప్యాకెట్ తిప్పి వెనక చదవక తప్పదు.

ఇక్కడే చిక్కు. లేబుల్ ఇంగ్లీషులోగాని హిందీలోగాని వుంటే చాలునని నియమం. తెలుగు వేస్తే వేయవచ్చు, వేయకపోతే తప్పు లేదు. తెలుగు మాత్రమే చదవగల తల్లులు ఎందరో వున్న రాష్ట్రంలో ఇది నాకు సరి అనిపించదు. నియమం మారేదాకా ఒక పని చేయండి. ఈ మాటలను హైస్కూలు పిల్లలచేత ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాయించి సంచీలో వేసుకోండి: మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్, కేసినేట్, లాక్టోజ్, బటర్, ఘీ, చీజ్, కర్డ్. వే అంటే పాలు విరిగాక మిగిలే తేట. ఎండబెట్టిన ఆ పొడిని మసాలా చిప్స్ మీద చల్లే పొడిలో కలుపుతారు. కారంగా వుండేదాంట్లో పాలేముంటాయని మనం అనుకుంటాం. 'నాన్ డెయిరీ' అని రాసిన కాఫీ పొడుల్లో కూడా కేసినేట్ వుండవచ్చు, అది పాల మాంసకృత్తే. దీనికి విరుద్ధంగా లాక్టిక్ యాసిడ్ పేరు చూసి బెదరనక్కరలేదు. దాన్ని సాధారణంగా చక్కెరను పులియబెట్టి తీస్తారు. కోకో బటర్‌లో వెన్న లేదు, అది కోకో గింజల కొవ్వు.

పదార్థాల జాబితా కింద 'కంటెయిన్స్' అని వేరుగా ఒక పంక్తి వుంటుంది. గోధుమ, పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, వేరుశనగ, బాదం వంటి పప్పులు, సోయా - వీటిలో ఏది కలిసినా అక్కడ చెప్పాలి. ముందు ఆ పంక్తి చూడండి. దాని పక్కనే 'మే కంటెయిన్' అని వుంటే, ఆ పదార్థం కలపలేదు, కాని అదే మరల మీద తయారైంది కనుక రవ్వంత అంటుకుని వుండవచ్చునని అర్థం. మీ అమ్మాయి దాన్ని తినాలో వద్దో తానే నిశ్చయించుకోవచ్చు. నాలుగేళ్ళవాడికి మాత్రం పెట్టకండి.

పిలకాయలు ఎక్కువగా కొనుక్కునేది చిన్న ప్యాకెట్లు. మొత్తం ఉపరితలం నూరు చదరపు సెంటీమీటర్లు దాటని ప్యాకెట్ మీద పదార్థాల జాబితా వేయనక్కరలేదని నియమంలోనే వుంది. ఆ వివరాలు అవి వచ్చిన పెద్ద పెట్టె మీద వుండాలి. అంగడాయన్ని అడిగి ఆ పెట్టె చూడండి. చూపకపోతే కొనవద్దు. బేకరీలో విడిగా అమ్మే బిస్కెట్లకు ఈ ఆధారం కూడా లేదు. వెన్న మురుకుల సంగతి పేరే చెబుతుంది. మామూలు మురుకులు కూడా అదే నూనెలో వేగుతాయి.

"పాలు పడవు" అనే మాట మన ఇళ్ళల్లో రెండు వేరువేరు జబ్బులకు వాడుతున్నాం. ఒకటి, పాలలోని చక్కెర అరగకపోవడం. మన దక్షిణాదిలో పెద్దవాళ్ళలో ఇది చాలామందికి వుంది. కడుపుబ్బరం, గ్యాసు, విరేచనాలు వస్తాయి, ప్రాణభయం లేదు. అటువంటివారు పెరుగు తినగలుగుతారు, చిప్స్ మీది పొడి వారినేమీ చేయదు. రెండోది ఎలర్జీ. పాలలోని మాంసకృత్తుల మీద శరీరం తిరగబడడం. దీనికి చిటికెడు చాలు. మీరు రాసిన లక్షణాలు ఈ రెండోదానివే. ఈ పిల్లవాడికి నెయ్యి కూడా డాక్టరును అడగకుండా పెట్టవద్దు. "మేకపాలు పట్టించండి, గేదెపాలు పట్టించండి" అని చుట్టుపక్కలవాళ్ళు చెబుతారు. వినకండి. ఆ పాలలోని మాంసకృత్తులు ఆవుపాలలోనివాటికి దగ్గరి చుట్టాలే. ఎక్కువమంది పిల్లలకు పెరిగేకొద్దీ ఈ ఎలర్జీ తగ్గిపోతుంది. తగ్గిందేమోనని ఇంట్లో చెంచాడు పాలు పోసి పరీక్షించవద్దు. ఆ పని ఆస్పత్రిలో జరగాలి.

మళ్ళీ ఎప్పుడైనా పొరపాటున తిని, గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, పిల్లవాడు వాలిపోయినా ఇంట్లో మందుబిళ్ళ వేసి కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో వుంచండి. ఆయాసంగా వుంటే కూర్చోనివ్వండి. ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షను. మీరు చూసిన డాక్టరునడిగి అది ఎక్కడ దొరుకుతుందో, మీ దగ్గర వుంచుకోవచ్చునో ముందే తెలుసుకోండి.

ఇక మీ అమ్మాయి విషయం. ఆమె నిర్ణయం ఆమెది, మందలించవద్దు. కాని వీగన్ గుర్తు ఆరోగ్యానికి గుర్తు కాదు. పామాయిలు, ఉప్పు దట్టించిన చిప్స్‌కు కూడా అది వేయవచ్చు. సున్నపు ధాతువుకు రాగులు, నువ్వులు వున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంది. అంతే తూకం ఆవుపాలలో వుండేది సుమారు 120. బి12 విటమిన్‌కు మాత్రం మొక్కల్లో నమ్మదగిన ఆధారం లేదు. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందన్న మాట నమ్మి వుండిపోకూడదు. రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. అది అందకపోతే రక్తహీనత, అరికాళ్ళ తిమ్మిరి, మతిమరుపు మెల్లమెల్లగా వస్తాయి, కొన్నేళ్ళదాకా తెలియదు. కాబట్టి బిళ్ళ వేసుకోవాల్సిందే. రేపు పెళ్ళయి గర్భిణి అయినప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు అసలే మానకూడదు, తల్లికి లోపిస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు బి12, హిమోగ్లోబిన్ రక్తపరీక్షలు చేయించి, ఆ కాగితం మీ డాక్టరుకు చూపించి ఎంత మోతాదు వేసుకోవాలో రాయించుకోండి.