ఎవరి సాయమూ లేకుండానే ఇంగ్లండు బాగుపడిందా?

పోస్టు కాస్త పొడుగైంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఒక మాట మనకి ఎక్కడికెళ్లినా తగులుతుంది. "ఇంగ్లండోళ్లని చూడండి, ఎవడి సాయం లేకుండా రెక్కల కష్టంతో పైకొచ్చారు. మీకేమో హాస్టల్ ఫ్రీ, తిండి ఫ్రీ, స్కాలర్‌షిప్ ఫ్రీ." క్లాసులో అంటారు, బస్సులో అంటారు, మన ముఖం మీదే అంటారు. హిస్టరీ చదివేవాళ్లం కొంతమందిమి కూర్చుని ఈ మాటలో మొదటి సగం ఎంత నిజమో చూద్దామనుకున్నాం. సిలబస్‌లో ట్యూడర్ రాజులుంటారు, ఎనిమిదో హెన్రీకి ఎంతమంది పెళ్లాలో ఉంటుంది. ఆ కాలంలో లండన్ సందుల్లో మామూలు మనిషి ఏం తిన్నాడు, ఎవరింట్లో పడుకున్నాడు, జబ్బు చేస్తే ఎవరు చూశారు అనేది ఉండదు. మాకు కావాల్సింది అదే.

ముందు జనాభా సంగతి. 1500ల మొదట్లో లండన్‌లో ఉన్నది యాభై అరవై వేల మంది. 1600 నాటికి దాదాపు 2 లక్షలు. 1700 నాటికి 5 లక్షలు దాటారు. పిల్లలు ఎక్కువ పుట్టి పెరిగిందనుకుంటాం. కాదు. ఆ ఊళ్లో పుట్టేవాళ్ల కంటే చచ్చేవాళ్లే ఎక్కువ. రిగ్లీ అనే చరిత్రకారుడు 1967లో లెక్క కట్టి చెప్పాడు, 1650 నుంచి 1750 దాకా ఏటా సుమారు 8 వేల మంది బయట నుంచి వచ్చి చేరితేనే ఆ పెరుగుదల కుదురుతుందని. అంటే లండన్‌ని నిలబెట్టింది పల్లెల నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చినోళ్లే.

ఎందుకొచ్చారు? చాలాచోట్ల ఉమ్మడి భూములకు కంచెలు పడ్డాయి. ఆవుని మేపుకునే చోటు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునే చోటు ఒకరి సొంతమైపోయింది. ఈ ముక్క మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. దానికి తోడు తిండి గింజల ధరలు పెరిగినంతగా కూలి పెరగలేదు. పదహారో శతాబ్దం అంతా ఇదే కథ.

వచ్చినోడికి సిటీలో తలుపు తెరిచి ఉందా అంటే లేదు. లండన్ సిటీ లోపల కొట్టు పెట్టుకోవాలంటే 'ఫ్రీమన్' అయ్యుండాలి. అలా అవ్వాలంటే తండ్రి ఫ్రీమన్ అయ్యుండాలి, లేదా డబ్బు కట్టాలి, లేదా అప్రెంటిస్‌గా చేరాలి. ఎక్కువమంది పట్టుకున్నది మూడో దారే. 1563 చట్టం ప్రకారం తక్కువలో తక్కువ ఏడేళ్లు. యజమాని ఇంట్లోనే ఉండాలి, పెళ్లి చేసుకోకూడదు, జీతం ఉండదు, తిండీ బట్టా పనీ మాత్రమే. చేరినవాళ్లలో సగం మంది కూడా చివరిదాకా నిలబడలేదు. పెద్ద వ్యాపారి దగ్గర చేరాలంటే తండ్రే ఎదురు డబ్బు కట్టాలి. తల్లీతండ్రీ లేని బీద పిల్లల్ని మాత్రం పారిష్ వాళ్లే ఎవరో ఒకరి ఇంటికి అప్పజెప్పేవాళ్లు, మగపిల్లాడైతే 24 ఏళ్లు వచ్చేదాకా. పారిష్ అంటే ఒక చర్చి కిందకి వచ్చే పేట అనుకోండి. పేరు రెండుచోట్లా అప్రెంటిస్ అనే. ఒకడు వ్యాపారం నేర్చుకుంటాడు, ఇంకొకడు పాలేరుతనం చేస్తాడు. పుస్తకాల్లో ఇద్దరినీ ఒకే గాటన కట్టి 'శ్రమించి పైకొచ్చిన యువకులు' అని రాస్తే ఒప్పుకోలేం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నార్విచ్ అని లండన్ తర్వాత పెద్ద ఊళ్లలో ఒకటి, నేత పనికి పేరు. 1570లో అక్కడి మేయరు జాన్ ఆల్డ్రిచ్ హయాంలో ఊళ్లో ఇంగ్లీషు పేదలందరి లెక్కా తీశారు. ఇల్లిల్లూ తిరిగి రాశారు. పేరు, వయసు, చేసే పని, ఊరొచ్చి ఎన్నేళ్లయింది, ఎవరింట్లో అద్దెకున్నారు, పిల్లలెంతమంది, సాయం ఏమైనా అందుతుందా, ఇవన్నీ. మొత్తం 2,300 మందికి పైగా తేలారు. ఊళ్లో పెద్దమనుషుల ఫిర్యాదు ఏంటంటే, వీళ్లంతా పని చేయకుండా గుమ్మం గుమ్మం అడుక్కు తింటున్నారని. కానీ ఆ రిజిస్టరులోనే వరుసగా చదువుకుంటూ పోతే కనిపించేది వేరు. ఆడవాళ్లలో చాలామంది నూలు వడుకుతున్నారు. పిల్లలు వడుకుతున్నారు, అల్లుతున్నారు. ఎనభై ఏళ్ల ముసలి విధవలు కూడా వడుకుతున్నారు. సాయం అందుతున్నవాళ్లు మాత్రం తక్కువే.

పనుంది, కూడు లేదు. లెక్క రాయించిన వాళ్లకి బద్ధకం కనిపించింది, రాసిన కాగితంలో చాలని కూలి కనిపిస్తోంది. ఈ ఒక్క రిజిస్టరు చాలు మేం పోస్టు రాయడానికి.

ఆ తర్వాత నార్విచ్‌లో జరిగింది మంచీ చెడూ కలిసే ఉంది. ఉన్నోళ్ల దగ్గర తప్పనిసరిగా పన్ను వసూలు చేశారు. నడవలేని వాళ్లకి వారానికింత అని ఇచ్చారు. పిల్లలకీ ఆడవాళ్లకీ పని నేర్పడానికి పేటల్లో ఆడవాళ్లని పెట్టారు. అడుక్కుంటే కొరడా దెబ్బలు కూడా పెట్టారు. 1572లో దేశం మొత్తానికి పేదల కోసం పన్ను చట్టం వచ్చింది, 1598లో, 1601లో అది గట్టిపడింది. పారిష్‌కి ఓవర్సీర్లు ఉంటారు, ఇళ్లున్నోళ్ల దగ్గర పన్ను తీసుకుంటారు, ముసలివాళ్లకి, జబ్బుపడ్డవాళ్లకి, దిక్కులేని పిల్లలకి ఖర్చుపెడతారు. దానం కాదు, చట్టం. ఇష్టముంటే ఇవ్వడం కాదు, ఇవ్వకపోతే సామాను జప్తు చేసి అమ్మేస్తారు. ఎవరి సాయం లేకుండా పైకొచ్చారన్న దేశం, నాలుగు వందల ఏళ్ల కిందటే బీదోడి తిండికి పన్ను వేసింది. ఈ సంగతి ఆ మాట అనేవాళ్లకి తెలుసో లేదో మరి.

పన్ను ఒక్కటే కాదు. ఇక్కడ మన తీరం కూడా వస్తుంది. 1600లో లండన్ వ్యాపారులు పెట్టిన ఈస్టిండియా కంపెనీ 1611కే మచిలీపట్నం చేరింది. కోరమాండల్ తీరం అద్దకం బట్టలు లండన్ ఆడవాళ్లకి తెగ నచ్చాయి. స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ల కడుపు మండింది. 1719లో వీధుల్లో ఆ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి గౌన్లు చింపేశారు. 1721లో పార్లమెంటు అద్దకం నూలు బట్టలు కట్టుకోవడమే నేరం అని చట్టం చేసింది. నేతగాళ్ల కడుపు నింపడానికి ప్రభుత్వం అంత దూరం వెళ్లింది. దాన్ని ఎవరూ ఫ్రీ అనరు.

సరే, అన్నీ బాగున్నాయా అంటే లేవు. మాకు బాగా కోపం తెప్పించింది 1662 సెటిల్‌మెంట్ చట్టం. కొత్తగా వచ్చినోడు ఏడాదికి 10 పౌండ్ల అద్దె ఇల్లు తీసుకోలేకపోతే, రేపు సాయం అడుగుతాడేమో అన్న అనుమానం మీదే 40 రోజుల్లోపు ఫిర్యాదు చేసి సొంత పారిష్‌కి తోలేయొచ్చు. అంత అద్దె కూలోడు ఎక్కడ కడతాడు? పని కోసం వచ్చేవాడు సొంత ఊరి నుంచి 'వీడు మావాడే, చిక్కొస్తే మేమే చూసుకుంటాం' అని కాగితం తెచ్చుకోవాలి. తర్వాత ఏడాది నిండా ఒకచోట జీతానికుంటే అక్కడివాడే అవుతాడని చట్టమొస్తే, యజమానులు 51 వారాలకే మాట్లాడుకోవడం మొదలెట్టారు. పెళ్లి కాకుండా కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని, బిడ్డ మా పారిష్‌లో పుడితే ఖర్చు మాది అవుతుందని నెలలు నిండినా పొలిమేర దాటించారు. నీ చేతి పని కావాలి, నువ్వు మాత్రం వద్దు, అంతే.

ఇంక 1697 చట్టం. పారిష్ సాయం తీసుకునేవాళ్లు, పెళ్లాం పిల్లలతో సహా, కుడి భుజం మీద ఎర్ర గుడ్డతోనో నీలం గుడ్డతోనో 'పి' అక్షరం కుట్టుకుని తిరగాలి. పక్కన పారిష్ పేరులో మొదటి అక్షరం. కుట్టుకోకపోతే సాయం ఆపొచ్చు, కొరడాతో కొట్టించొచ్చు. తిండి పెట్టడానికి గుడ్డముక్కతో ఏం పని? అడగడానికి సిగ్గుపడి రాకుండా ఉంటారని, దానివల్ల పన్ను తగ్గుతుందని. 'ఫ్రీ తిండి' అన్న మాట మన భుజం మీద చేసే పని కూడా అదేనని మా అభిప్రాయం. గుడ్డముక్క లేదు కానీ మెస్ కార్డు బయటకి తీయడానికి మొహమాటపడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

అదే లండన్‌లో ఇంకో రకం మనుషులూ ఉన్నారు. ప్లేగు రోజుల్లో ఉన్నోళ్లు పల్లెలకు పారిపోతే, శవాల్ని చూసి ఏ జబ్బుతో పోయారో చెప్పే పని పారిష్ సాయం మీద బతికే ముసలమ్మలది. 1665లో ఒక్క ప్లేగుకే 68 వేల పైచిలుకు చావులు రికార్డుకెక్కాయి. ఆ అంకె మనకి ఇవాళ తెలుసంటే ఆ ముసలమ్మలు గడప గడపకీ వెళ్లబట్టే. వాళ్లలాంటి వాళ్లు తెచ్చిన లెక్కల్నే జాన్ గ్రాంట్ అనే బట్టల కొట్టాయన ముందేసుకుని 1662లో పుస్తకం రాశాడు. యూనివర్సిటీ మొహం చూడని మనిషి. జనాభా లెక్కల శాస్త్రం ఆయనతోనే మొదలైందంటారు. లండన్‌లో చావులే ఎక్కువనీ, ఊళ్ల నుంచి జనం వచ్చి ఆ లోటు పూడుస్తున్నారనీ మొదట పట్టుకున్నది ఆయనే. చావుల పట్టీలో 2,29,250 మందిలో ఆకలితో పోయినట్టు రాసింది 51 మందినే అని కూడా చూశాడు. అంటే అడుక్కునేవాళ్లని ఊరు ఎలాగూ ఎవరో ఒకరి చేతి మీదుగా పోషిస్తూనే ఉంది, అలాంటప్పుడు ఆ పని ప్రభుత్వమే తిన్నగా చేయొచ్చు గదా అన్నాడు. మాకు ఈ వాదన బాగా నచ్చింది, ఎందుకంటే ఇందులో జాలి లేదు, లెక్కే ఉంది.

గ్రూపులో హిస్టరీ, ఎకనామిక్స్ వాళ్లు నార్విచ్ రిజిస్టరు గురించీ గ్రాంట్ గురించీ ఒకసారి చదవండి, తర్వాత మాట్లాడుకుందాం. ఆ 'పి' గుడ్డ చట్టం పోయింది 1810లో. నూట పదేళ్లకు పైగా అది పుస్తకంలోనే ఉంది. చాలా పారిష్‌లు మధ్యలోనే వదిలేశాయి, కొన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాయి.