సత్యాన్వేషికి తెలుగు రాదా?

మన భాషాసభలలో దూరదర్శన్‌ను గురించి తీర్మానం చేయవలసి వచ్చినప్పుడల్లా మనం అడిగేవి మూడే: పద్యనాటకం, అవధానం, శాస్త్రీయ సంగీతం. అడగవలసినవే. కాని ఒక అపరాధ పరిశోధన ధారావాహికను అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. అడిగితే పెద్దలు నవ్వుతారు. అమ్మనుడి ప్రాణాపాయంలో ఉంటే హత్యాకథలు కావలసి వచ్చాయా అంటారు. అవును, హత్యాకథలే కావాలి. రాయపురంలో, గుమ్మిడిపూండిలో, హోసూరులో, కోలారులో, బళ్లారిలో తెలుగు ఇంట పుట్టి తెలుగు బడికి నోచుకోని పిల్లవాణ్ణి అరగంటసేపు తెలుగు మాటల ముందు కదలకుండా కూర్చోబెట్టగలిగినది అవధానం కాదు. హంతకుడెవరు అన్న ప్రశ్న.

నా తరం అలా కూర్చున్నదే. అయితే ఆ ప్రశ్న మమ్మల్ని కూర్చోబెట్టింది తెలుగు ముందు కాదు. 1985లో ‘కరమ్‌చంద్’ వచ్చేనాటికి నాకు ఏడేళ్లు. పంకజ్ కపూర్ నల్ల కళ్లద్దాలు, ఎప్పుడూ నములుతుండే క్యారట్టు, అమాయకపు ప్రశ్న వేసిన సహాయకురాలు కిట్టీని నోరు మూయించే ఆ విసురు, అన్నింటినీ రాయపురం సందులలో పిల్లలమందరం అనుకరించేవాళ్లం. మా ఇంట్లో పిల్లలు క్యారట్లు అడిగి తిన్నది ఆ ఒక్క ఏడే అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. 1993లో బాసు ఛటర్జీ తీసిన ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’ వచ్చింది. రజిత్ కపూర్ పంచె కట్టుకుని, గొంతు పెంచకుండా, ఎదుటివాడి మాటలోని చిన్న తొట్రుపాటును పట్టుకునేవాడు. తుపాకీ లేదు, పరుగులు లేవు. నేను న్యాయశాస్త్రం చదవడానికి ఏ మహనీయుడో కారణమని చెప్పుకుంటే గౌరవంగా ఉండేది కాని, నిజానికి కారణం ఆ పంచెకట్టు మనిషే. 1994లో విజయ్ ఆనంద్, సౌరభ్ శుక్లా జంటగా ‘తహకీకాత్’ వచ్చేనాటికి మా వీధి పిల్లలం అందరం తీర్పులు చెప్పే స్థితికి చేరుకున్నాము.

వీటిలో ఒక్కటీ మా భాషలో లేదు. తమిళనాడు ప్రభుత్వం 1968లో ద్విభాషా విధానాన్ని చేపట్టింది కనుక మా బడిలో హిందీ కూడా లేదు. రేవులో పనిచేసిన మా నాన్నకు అక్కడ అబ్బిన హిందీతో ఆయన అరకొరగా అర్థం చెప్పేవారు. హిందీ ఒక్క ముక్క రాని మా అమ్మ ముఖాలు చూసి దోషిని చెప్పేది. సగం సార్లు సరిగానే చెప్పేది. బ్యోమ్‌కేశ్ తనను డిటెక్టివ్ అనడం ఇష్టపడక ‘సత్యాన్వేషి’ అని చెప్పుకొనేవాడు. నాన్న సాయం లేకుండానే మాకు అర్థమైన మాట అది. ఆ మాట మనదే కదా, ఆ మనిషి మన భాష మాట్లాడడేమి అని పదిహేనేళ్ల వయసులో నాకు తోచింది. ఆ ప్రశ్నకు జవాబు నేటికీ రాలేదు.

బ్యోమ్‌కేశ్ శరదిందు బందోపాధ్యాయ సృష్టి, బెంగాలీవాడు. సత్యజిత్ రాయ్ సృష్టించిన ఫెలూదా సైతం 1986లో శశికపూర్ రూపంలో దూరదర్శన్‌లో హిందీ పలికాడు. బెంగాలీల అపరాధ పరిశోధకులిద్దరిని దేశమంతా చూసింది. సంతోషం. మరి మన యుగంధర్ ఏమయ్యాడు? కొమ్మూరి సాంబశివరావు గారు ఈ మద్రాసు నగరంలో ఉండే డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును తెలుగువారి ఇంటింటికీ పంపారు. టెంపోరావు గారి పుస్తకాలను అద్దెకు తెచ్చుకుని, తెల్లవారేలోగా చదివి తిరిగి ఇచ్చిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. ఆరుద్రవంటి మహాకవి డిటెక్టివ్ నవలలు రాయడానికి చిన్నతనం అనుకోలేదు. ఇంతటి సంపద ఉండగా ప్రభుత్వ ప్రసార సంస్థ మాకు చూపిన సత్యాన్వేషి కలకత్తావాడు, అతని భాష ఢిల్లీది. కరోనా కాలంలో, 2020లో, దూరదర్శన్ తన పాత పెట్టె తెరిచి బ్యోమ్‌కేశ్‌ను మళ్లీ ప్రసారం చేసింది. నేను మళ్లీ చూశాను, మళ్లీ ఆనందించాను. నా పిల్లలకు మా నాన్నలాగే పక్కన కూర్చుని అర్థం చెప్పాను. ముప్ఫై ఏళ్లు గడిచినా మారింది టీవీ పెట్టె మాత్రమే.

ఇది వట్టి మమకారపు మాట కాదు, చట్టం మాట. 1990లో పార్లమెంటు చేసి 1997లో అమలులోకి తెచ్చిన ప్రసార భారతి చట్టంలోని 12వ సెక్షను ఆ సంస్థ విధులను చెబుతుంది. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటు ఇవ్వడం అందులో ఒకటి. సరిహద్దు ప్రాంతాలలో నివసించేవారికి సేవ చేయడం, అల్పసంఖ్యాకుల ప్రత్యేక అవసరాలకు తగిన కార్యక్రమాలు అందించడం అందులోనే ఉన్నాయి. సరిహద్దు అనగానే ఢిల్లీ పెద్దలకు పాకిస్తాను సరిహద్దే గుర్తుకు వస్తుంది. ఆరంబాకం, హోసూరు, రాయగడ, సిరొంచలు వారి పటంలో ఉన్నట్లు లేవు.

కేబుల్ టీవీ చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1995 నాటి ఆ చట్టాన్ని 2000లో సవరించినప్పుడు, 8వ సెక్షను ప్రకారం ప్రతి కేబుల్ ఆపరేటరూ రెండు దూరదర్శన్ ఛానెళ్లతో పాటు రాష్ట్రానికి చెందిన ఒక ప్రాంతీయ భాషా ఛానెల్‌ను తప్పనిసరిగా ఇవ్వాలన్నారు. ఒక్కటే! రాష్ట్రానికి ఒక భాష అన్న భ్రమ చట్టంలోకి ఎంత నిశ్శబ్దంగా వచ్చి కూర్చున్నదో గమనించండి. 2011లో ఆ సెక్షనును మార్చారు. తప్పనిసరి ఛానెళ్లను ఇప్పుడు కేంద్రమే నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించవచ్చు. అంటే ఏ భాషా ఛానెల్‌ను తప్పనిసరి చేయాలన్నా కేంద్రం కలం కదిలిస్తే చాలు.

ప్రైవేటు ఛానెళ్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. ‘లేడీ డిటెక్టివ్’, అచ్యుత్, యమున నటించిన ‘అన్వేషిత’ ఆ తెరమీదనే వచ్చాయి. తెలుగులోనూ ఉత్కంఠ పండుతుందని అవి రుజువు చేశాయి. కాని వాటిని చూడగలగడం మా హక్కు కాలేదు, ఆపరేటరు దయ అయింది. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త నిబంధనలు వచ్చాక కోరుకున్న ఛానెళ్లకు చందా కట్టే పద్ధతి స్థిరపడింది. అమ్మనుడి వినడానికి నెలనెలా అదనపు రుసుము చెల్లించే కుటుంబాలు మనవి.

వేల్స్‌వైపు చూడండి. అక్కడి భాషకు ప్రత్యేక ఛానెల్ ఇస్తామన్న మాటను బ్రిటిషు ప్రభుత్వం తప్పినప్పుడు, గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు 1980లో ఆమరణ దీక్షకు పూనుకుంటానని ప్రకటించాడు. దీక్ష మొదలు కాకముందే ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్4సీ ఛానెల్ ప్రారంభమైంది. (ఈ నగరంలోనే 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు పస్తులుండి ప్రాణం విడువవలసి వచ్చింది, ఏలికలందరూ ఒకే తొందరలో దిగిరారు.) 2013లో ఆ ఛానెల్ ‘అ గ్విల్’ అనే పోలీసు పరిశోధన ధారావాహికను ప్రసారం చేసింది. ప్రతి దృశ్యాన్ని ఒకసారి వెల్షులో, మరొకసారి ఇంగ్లీషులో తీశారు. 2011 జనగణన ప్రకారం వేల్స్‌లో వెల్షు మాట్లాడేవారు సుమారు 5,62,000. అదే ఏటి జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షల పైచిలుకు. అయిదున్నర లక్షల మందికి తమ భాషలో ప్రశ్నించే పోలీసు అధికారి దొరికాడు. మనకు దొరకలేదు.

హత్యాకథ వల్ల పిల్లలకు ఏ మాటలు వస్తాయని అడిగే పెద్దలకు న్యాయవాదిగా ఒక సంగతి మనవి చేస్తాను. నా వద్దకు వచ్చే తెలుగు కక్షిదారులు కష్టమంతా తెలుగులోనే చెబుతారు. కాని కీలకమైన మాట దగ్గర తెలుగు ఆగిపోతుంది. ఫిర్యాదు అనరు, ‘పుగార్’ అంటారు. వాంగ్మూలం అనరు, ‘వాక్కుమూలం’ అంటారు. తమిళంపై నాకు ఏ ద్వేషమూ లేదు; నా వృత్తికి అది అన్నం పెడుతున్నది. నా బాధ వేరు. సాక్షి పలికిన భాషలోనే సాక్ష్యాన్ని, సాధ్యమైన చోట, నమోదు చేయడానికి పాత నేరవిచారణ స్మృతిలో 277వ సెక్షను అవకాశమిచ్చింది. 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ అవకాశం నిలిచింది. కాని మాటలే లేని సాక్షి ఆ హక్కును ఎలా వాడుకుంటాడు? ఎక్కడున్నావు, ఎవరిని చూశావు, ఎన్ని గంటలకు, వెలుతురు ఎటునుంచి పడింది అని తెలుగులో అడగగా, తెలుగులో జవాబు చెప్పగా విని పెరిగినవాడు బోనులో తడబడడు.

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటినుంచి మన పిల్లలెందరో తెలుగు వినగలరు గాని చదవలేరు. వారికి ఇంకొక మేలు కూడా చేయవచ్చు. పలికే మాటను అదే భాషలో తెర అడుగున వేస్తే చదవడం పట్టుబడుతుందని అహ్మదాబాదు ఐఐఎంకు చెందిన బ్రిజ్ కొఠారి 1990ల నుంచి చెబుతున్నారు, దూరదర్శన్ పాటల కార్యక్రమాలలో చేసి చూపారు. పాటకంటే సాక్ష్యం దగ్గర కన్ను గట్టిగా నిలుస్తుంది.

కనుక అడుగుదాం. బ్యోమ్‌కేశ్‌ను తెలుగులోకి డబ్బింగు చేసి, తెలుగు అక్షరాలతో సప్తగిరి, యాదగిరి ఛానెళ్లలో వేయాలి. యుగంధర్ కథలను కొత్తగా తీయాలి. ఆ రెండు ఛానెళ్లు సరిహద్దు జిల్లాల కేబుల్‌లో ప్రతి ఇంటికీ తప్పకుండా అందాలి. ప్రతి ఇంటినుంచీ ప్రసార భారతికి ఒక ఉత్తరం వెళ్లాలి. దానిని తెలుగులోనే రాయండి. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం పెట్టుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం మనకిచ్చింది. జవాబు ఏ భాషలో వస్తుందో చూద్దాం.